తాళం పడిన పాట

లాగ్ 2206

పళ్ళెం మళ్ళీ బిగుసుకుపోయింది. పళ్ళెం అంటే మా యాంటెన్నా. క్రికెట్ మైదానమంత ఉంటుంది గానీ ఇక్కడ అందరం అలాగే పిలుస్తాం. సూటు తొడుక్కుని బయటికి వెళ్ళి, ఇరుసు చుట్టూ హీటర్ పట్టీ బిగించి, అది కదిలేదాకా మంచు మీద కూర్చున్నాను. నెత్తి మీద బృహస్పతి. దాని చందమామ అయిన ఈ కాలిస్టోలో అది ఉదయించదు, అస్తమించదు. చారలు చారలుగా ఎప్పుడూ అక్కడే నిలబడి ఉంటుంది. ఇన్నేళ్ళ నుంచి చూస్తున్నా, తలెత్తిన ప్రతిసారీ చేతిలో పని ఒక్క క్షణం ఆగిపోతుంది.

నా పేరు దుంపల ఇందుమతి. కాలిస్టో రిలే కేంద్రంలో ఆపరేటర్ని. శని, యురేనస్, నెప్ట్యూన్ వైపు నుంచి వచ్చే మాటల్ని పట్టి అంగారకుడికీ భూమికీ అందించడం, ఇటువైపు మాటల్ని అటు పంపడం మా పని. మామూలుగా ఈ లాగ్‌లో యంత్రాల సంగతులు తప్ప ఏమీ రాయం. ఇవాళ మా కేంద్రం అధికారి సన్యాసిరావు గారు పిలిచి చెప్పారు.

"ప్రసార సభ అయ్యేదాకా జరిగింది జరిగినట్టు రాసీ అమ్మా. రేప్పొద్దున ఎవరైనా అడిగితే మనం ఏటి చేసేమో తెలియాల కదా."

సభ చంద్రుడి మీద జరుగుతోంది. ఎక్కడున్నవాళ్ళయినా మాట్లాడవచ్చు. చర్చ ఒక కొత్త చట్టం గురించి. నెట్‌లోకి ఒక ప్రసారాన్ని ఎవరు మొదట వదులుతారో ఆ సిగ్నల్ యాభై ఏళ్ళు వాళ్ళదే అవుతుంది. వాళ్ళ అనుమతి లేకుండా దాన్ని ఇంకొకరు మళ్ళీ పంపకూడదు. ఎవరూ పంపకుండా కాపలా కాయడానికి ప్రతి రిలే కేంద్రంలో ఒక యంత్రం పెడతారట. దాన్ని జనం తాళం అంటున్నారు. మా తాళం పెట్టెలోనే ఉంది, స్టోర్ గదిలో. ఇంకా విప్పలేదు. నెప్ట్యూన్ చందమామ ట్రైటన్ మీద ఉన్న కేంద్రంలో మాత్రం ప్రయోగం కోసమని అప్పుడే బిగించేశారు.

ఇవాళ మా పళ్ళెం మీదుగా సభకి వెళ్ళిన గొంతుల్లో శని చందమామ టైటన్ నుంచి ఒక ఫుట్‌బాల్ వ్యాఖ్యాత ఉన్నాడు. మైదానం పక్కన నిలబడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నది తాననీ, ఆ అరుపుని అమ్ముకుంటున్నది వేరేవాళ్ళనీ చెప్పాడు. తాళం కావాలన్నాడు. అతని వెనకే శని వలయాల్లో మంచు మోసే బార్జి మీద వంట చేసే ఒకామె మాట్లాడింది. నెలల తరబడి ఒంటరిగా తిరిగే తమకి ఏ కార్యక్రమమూ నేరుగా అందదనీ, పక్క బార్జివాళ్ళు పట్టి పంపితేనే వింటామనీ, తాళం వద్దనీ చెప్పింది. వెనకాల నూనెలో ఏదో చిటపటలాడుతోంది.

మనుషులు ఇన్ని చోట్ల బతుకుతున్నారని నాకు తెలుసు. తెలియడం వేరు, వినడం వేరు.

లాగ్ 2207

యంత్రాలు సరిగ్గా ఉన్నాయి. మధ్యాహ్నం భోజనానికి వదిన ఇంటికి వెళ్ళాను.

వదిన పేరు రత్నమాల. మా అన్నయ్య భార్య. అన్నయ్య మంచుగనిలో డ్రిల్లు నడుపుతాడు, నెలకోసారి ఇంటికి వస్తాడు. వదినకి సొంత ప్రసారం ఉంది. పేరు 'వాకిలి'. రోజూ పొద్దున్నే ఎవరింట్లో పుట్టినరోజు, మేముండే ఏ డోములో నీళ్ళు రావు, సంతలో ఏం కూరలు వచ్చాయి, అన్నీ చెప్తుంది. మధ్యలో తను రాసుకున్న పాటలు తనే పాడుతుంది. కాలిస్టోలో పొయ్యి వెలిగించే ప్రతి ఇంట్లోనూ ఆ గొంతు ఉంటుంది.

అంగారకుడి మీద అరుణ నెట్ అని ఒక పెద్ద సంస్థ ఉంది. వాళ్ళు 'వాకిలి'ని పట్టి, వదిన పేరు తీసేసి, తమ కార్యక్రమంగా అక్కడ వినిపిస్తున్నారు. వదిన పాట చరణానికీ చరణానికీ మధ్య పళ్ళపొడి ప్రకటన పెడుతున్నారు. ఎవరైనా అడిగితే, సిగ్నల్ గాలిలో దొరికింది అంటారు.

అన్నం వడ్డిస్తూ వదిన సభలో తను చెప్పబోయేది నాకు చదివి వినిపించింది. కాలిస్టో తరఫున తాళం కావాలని మాట్లాడేది తనే.

"ఎలగుందే?"

"బావుంది వదినా. కోపం కొంచెం తగ్గించొచ్చు."

"తగ్గించడం ఏటి? మొన్న అంగారకుడి నుంచి ఒక పిల్ల సందేశం పంపింది. నా పాట నాకే పాడి వినిపించి, 'ఇది మా అరుణ పాట, మీరెందుకు కాపీ కొట్టేరు ఆంటీ' అనడిగింది. దానికేటి చెప్పమంటావు?"

నేను బచ్చలికూర కలుపుకున్నాను.

"తబలా వాయించే గోవిందు, నేను డబ్బులివ్వలేక, గనిలోకి వెళ్ళిపోయేడు. స్టూడియోలో ఇప్పుడు నేనూ ఆ గోడలే. నేను పాడడం మానీసినా అరుణ వాళ్ళకి నష్టం లేదు, పాతవన్నీ వాళ్ళ దగ్గరున్నాయి. వాళ్ళకి తాళం పడాల్సిందే. నువ్వు మాత్రం ఏటి, రిలే మనిషివి. నీకు తాళం చేదుగానే ఉంటుంది."

"నాకేం చేదు లేదు. నువ్వు గెలవాలనే ఉంది."

నిజంగానే అన్నాను. నాకు వేరే ఆలోచన లేదు. వదిన తన పేరు ముందే హక్కుదారుల పట్టికలో చేర్పించుకుంది కూడా. ట్రైటన్ తాళంలో ఇప్పుడు వదిన గొంతునీ పాటల్నీ గుర్తుపట్టే ఏర్పాటు ఉంది.

లాగ్ 2209

ట్రైటన్ ఆపరేటర్ నుంచి నాలుగు ముక్కల కబురు. నాగావళి నౌక నుంచి ఒక టీచరమ్మ సభకి మాట్లాడతారట.

ఇది చదివి సన్యాసిరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నాగావళా? ఇంకా వినబడతందా?"

నాగావళి దగ్గరి నక్షత్రానికని బయలుదేరిన నౌక. బయలుదేరినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళ పిల్లలూ మనవలూ నడుపుతున్నారు. వెనక్కి రావడం అనేది ఆ ప్రయాణంలోనే లేదు. నెప్ట్యూన్ దాటి ఎంతో దూరం వెళ్ళిపోయింది. వాళ్ళు ఒక మాట అంటే మనకి చేరడానికి తొమ్మిది గంటలు. కొన్నేళ్ళ కిందట ఏదో రాయి తగిలి వాళ్ళ పెద్ద యాంటెన్నా పోయింది. ఉన్న చిన్నదాని గొంతు ట్రైటన్‌లోని భారీ పళ్ళేనికి తప్ప ఎవరికీ సరిగ్గా వినబడదు. ఇంకో రెండు మూడేళ్ళకి దానికీ వినబడదు.

"మన చట్టంతో వాళ్ళకేం పని?" అని నేను అడిగాను.

"వాళ్ళకి ఎవరితోనైనా పనుందని అనిపించడమే గొప్ప" అన్నారు సన్యాసిరావు గారు.

టీచరమ్మ మాటలు సభ ముగిసేదాకా పదే పదే పంపుతూ ఉంటారట, ఎవరికి ఎప్పుడు అందుతుందో తెలియదు కాబట్టి.

లాగ్ 2210

నాగావళి మాట రాలేదు. దాని బదులు ట్రైటన్ నుంచి యంత్రం పంపిన సందేశం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను: 'ఈ ప్రసారంలో ఇతరుల సిగ్నల్‌కి చెందిన పాట గుర్తించబడింది. ముందుకు పంపడం నిలిపివేయబడింది. హక్కుదారు: రత్నమాల, కాలిస్టో.'

దాని వెనకే ట్రైటన్ ఆపరేటర్ సొంతంగా ఒక మాట పంపాడు. "నా చేతిలో లేదు. నాకు కూడా వినబడనివ్వలేదు. నౌక ఏ దిక్కున ఉందో, ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతోందో మాత్రం చెప్పగలను." ఆ అంకెలు ఇచ్చాడు.

ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. స్టూడియోకి వెళ్ళాను. వదిన మైకు తుడుస్తోంది. సందేశం చదివి వినిపించాను. మొదట అర్థం కాలేదు.

"నా పాటేటి, అక్కడికెలా వెళ్ళింది?"

"ఎవరో పట్టి ఎవరికో పంపి ఉంటారు. చేతులు మారి మారి వెళ్ళి ఉంటుంది."

"ఏదీ, వినిపించు."

"వినిపించలేను వదినా. తాళం పడింది."

"నేను వినాలన్నా?"

"నువ్వు వినాలన్నా."

వదిన మైకు బల్ల మీద పెట్టింది. గుడ్డ మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

"నేను అడగలేదే! వాళ్ళ మాట ఆపమని నేనెప్పుడు చెప్పేను? అరుణ వాళ్ళని ఆపమన్నాను. ఆకాశం చివర ఉన్న టీచరమ్మ నోరు నా పేరు చెప్పి మూసీసేరేటి?"

 సభలో వదిన వంతు ఎల్లుండే. తాళం ఎంత అవసరమో చెప్పాల్సిన మనిషి తను. ఇప్పుడు ఆ తాళాన్ని తీయమని తనే అడిగిందని తెలిస్తే తన వాదన ఏమవుతుందో నాకే తెలుస్తోంది. తనకి తెలియకుండా ఉంటుందా?  అయినా తెర ముందుకి జరిగి, అంగారకుడి మీది హక్కుల కార్యాలయానికి అనుమతి పంపింది. గంటన్నరకి జవాబు వచ్చింది. విన్నపం అందిందట. పది పనిదినాల్లో పరిశీలిస్తారట.

సభలో చర్చ ఎల్లుండితో ముగుస్తుంది. తర్వాత ఓటే.

"ఇందూ, మీ పళ్ళెం అటు తిరగదేటి?" అంది వదిన.

లాగ్ 2211

పళ్ళేన్ని నాగావళి వైపు తిప్పాం. ఇది చిన్న విషయం కాదు. మా పళ్ళెం అటు తిరిగితే టైటన్ నుంచి వచ్చే మామూలు రద్దీ అంతా ఆగుతుంది. ఎన్నో సంస్థలకి మేం జవాబు చెప్పుకోవాలి.

సన్యాసిరావు గారితో అన్నాను. "ఇరుసు బాగుచేస్తున్నామని రాయమంటారా? ఎలాగూ అది బిగుసుకుంటూనే ఉంది."

ఆయన తల అడ్డంగా ఊపారు. "అబద్ధం రాయకమ్మా. నాగావళి వైపు తిప్పేమని రాయి. తిప్పమన్నది సన్యాసిరావని రాయి. మా మావయ్య ఆ నౌకలోనే ఎక్కేడు. నాకప్పుడు మాటలు కూడా రావు. ఆయన నన్నెత్తుకున్న ఫొటో ఉంది, అంతే."

ఇన్నేళ్ళుగా ఆయన కింద పని చేస్తున్నాను. ఈ సంగతి నాకు తెలియదు.

పళ్ళెం తిరిగి నిలిచాక హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. అటు గ్రహాలు లేవు, దారులు లేవు, ఎవరి కబుర్లూ లేవు. ఇసుక జారుతున్నట్టు ఒకటే రొద. ఆ రొదలో ఎంతసేపో ఏమీ లేదు. తర్వాత, దూరంగా ఎవరో గది తలుపు తీసి మూసినంతసేపు, ఒక ఆడగొంతు. "…పిల్లలు…" అంది. మళ్ళీ రొద.

 ఆ మాట తొమ్మిది గంటలు ప్రయాణం చేసి వచ్చింది. ఆమె అది అన్నప్పుడు నేను నిద్రలో ఉన్నాను.

కానీ మా పళ్ళేనికి ముక్కలే అందుతున్నాయి. ఒక్కళ్ళతో అయ్యేది కాదని తెలిసిపోయింది. చిన్న యాంటెన్నా మీద నడిచే, తాళం లేని ఉమ్మడి ఛానల్‌లో అందరికీ కబురు పెట్టాను. "కాలిస్టో నుంచి ఇందుమతిని. నాగావళి మాట్లాడుతోంది. మాకు ముక్కలే వినబడుతున్నాయి. ఎవరి దగ్గర ఎంత పళ్ళెం ఉన్నా ఇటు తిప్పండి. మీకు వినబడింది మాకు పంపండి." దిక్కూ ఫ్రీక్వెన్సీ ఇచ్చాను.

శని దగ్గరి నుంచి జవాబులు రావడానికే సగం పూట పట్టింది. యురేనస్ వైపు నుంచి ఇంకా ఆలస్యం. ముందు టైటన్‌లో ఒక బడి వాళ్ళు పలికారు. కప్పు మీది పళ్ళెం చిన్నదేనట, అయినా తిప్పారట. తర్వాత మంచు బార్జి నుంచి మొన్నటి వంటామె. "మా కెప్టెన్ నిద్రపోతన్నాడు, నేనే తిప్పీసాను" అంది. యురేనస్ చుట్టూ తిరిగే వాతావరణ కేంద్రంలో ఒక్కడే మనిషి ఉంటాడు. అతను మాట ఏమీ రాయలేదు, పట్టిన ముక్కలు మాత్రం పంపాడు. అవే అన్నిటికంటే శుభ్రంగా ఉన్నాయి.

ఒకరికి తెగిన చోట ఇంకొకరికి వినబడింది. ఒకరి దగ్గర మొదలున్న మాటకి ఇంకొకరి దగ్గర చివర ఉంది. యంత్రం వాటిని గీతలుగా పరిస్తే అతుకు ఎక్కడ పడుతుందో చూసి కలపడమే నా పని. కూర్చుని వినే తీరిక లేదు. అంత విశాలమైన చీకట్లో ఎక్కడెక్కడో ఉన్న మనుషులు ఒకేసారి చెవి ఒకే వైపు పెట్టడం నేను ఇంతకు ముందు ఎరగను.

చివర్లో ఒక ఖాళీ మిగిలింది. పాట ఉన్న చోటే.

లాగ్ 2212

వదిన సభకి మాట్లాడాల్సింది మా కేంద్రం నుంచే. లింకు కుదిర్చే గదిలో కూర్చోబెట్టాను. జరీ చీర కట్టుకుంది. చేతిలో ఆ రోజు నాకు చదివి వినిపించిన కాగితం ఉంది. ఇక్కడి నుంచి మాట చంద్రుడి దాకా వెళ్ళడానికి ముప్పావుగంట. అందుకని సభలో ఒకరినొకరు అడ్డుకునే వీలు లేదు. తన వంతు వచ్చినవాళ్ళు ఇచ్చిన సమయంలో చెప్పదలుచుకున్నది చెప్పేస్తారు, అక్కడ వింటారు.

వదిన వంతుకి కాస్త ముందు బార్జి వంటామె నుంచి ఆ మిగిలిన ముక్క వచ్చింది. ఖాళీలో పెట్టాను. సరిగ్గా కూర్చుంది.

"పూర్తయింది వదినా. వింటావా? కొంచెం టైముంది."

వదిన నా వైపు చూసింది. 

"ఒద్దు. ఇప్పుడు వింటే నాకేటనిపిస్తుందో, దాన్నిబట్టి మాట మార్చీసుకుంటాను. అది న్యాయం కాదు."

ఎర్ర దీపం వెలిగింది. వదిన కాగితం తిరగేసి బల్ల మీద పెట్టింది.

"సభకి నమస్కారం. నేను కాలిస్టో నుంచి రత్నమాలని. 'వాకిలి' నాది. నా గొంతుని ఎవరో పేరు చెరిపీసి అమ్ముకుంటన్నారు. నాకు రక్షణ కావాలి. ఇప్పటికీ అదే అంటాను. కానీ నన్ను రక్షించడానికి పెట్టిన తాళం నాగావళి నుంచి మీకు రావాల్సిన మాటని ఆపీసింది. అందులో నా పాట ఉందంట. నేను తీయమన్నా తీయలేదు. అందుకని ఊరూరా మనుషులు చెవులొగ్గి, ముక్కముక్కలు పట్టి తెచ్చేరు. నాకిచ్చిన సమయం నేను వాళ్ళకి ఇస్తన్నాను. నేను కూడా ఇంకా వినలేదు. మీతోపాటే వింటాను."

నాకు సైగ చేసింది. నేను వదిలాను.

ముందు రొద. తర్వాత ఆ ఆడగొంతు. వయసు మళ్ళిన గొంతు, తొందర లేదు.

"నమస్కారం. నా పేరు మజ్జి దేవయాని. నాగావళిలో పిల్లలకి చదువు చెప్తాను. నేను పుట్టింది ఈ నౌకలోనే. మీరు చట్టం చేస్తున్నారని విన్నాం. మేం దూరం వెళ్ళిపోయాం, మమ్మల్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. అయినా చెప్పాలనిపించింది. మాకు ఏ ప్రసారమూ నేరుగా రాదు. ఒకరు పట్టి ఒకరికి అందిస్తే, వాళ్ళు ఇంకొకరికి అందిస్తే, చివరికి ఇక్కడికి వస్తుంది. అందించే ప్రతివాళ్ళూ ముందు తమ పేరూ చోటూ చెప్తారు. మా పిల్లలు ఆ పేర్లు కూడా పాటలోవే అనుకున్నారు."

ఆమె చిన్నగా నవ్వింది. నవ్వు మధ్యలో అతుకు దగ్గర చిన్న చప్పుడు.

"రత్నమాల గారి పాటలు మేం ఊరికే విన్నాం. ఆవిణ్ణి అడగలేదు. అడగాలని మాకు తెలీదు. అడిగితే జవాబు వచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు. మేం దొంగలమే అయితే ఆవిడ క్షమించాలి. ఆవిడ కష్టానికి ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు. పిల్లలు ఆ పాట ఆవిడకి వినిపిస్తారు. సభవారికి నా మనవి ఒక్కటే. దొంగిలించినవాణ్ణీ అందించినవాణ్ణీ ఒకే తాళంతో ఆపకండి. వాళ్ళిద్దరికీ తేడా తెలుసుకోవడం యంత్రానికి కష్టం. మనిషికి కష్టం కాదు."

పిల్లలు మొదలుపెట్టారు. ఎంతమందో తెలియదు. ముందు పాట రాలేదు. పేర్లు వచ్చాయి, వదిన కట్టిన వరసలోనే.

"కాలిస్టో నుంచి ఇందుమతీ, టైటన్ నుంచి ఫరీదా, వలయం నుంచి మారియా, యురేనస్ నుంచి తోమాసూ, ట్రైటన్ నుంచి యోహాన్…"

ఏదైనా ముందుకి పంపేటప్పుడు ఆపరేటర్ పేరు చెప్పాలని పాత నియమం. టీ తాగుతూ, ఆవలిస్తూ, వేరే పని చేస్తూ ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చెప్పానో. ఆ గొంతులు నా పేరుని తాళం తప్పకుండా, సాగదీసి, ప్రేమగా పాడుతున్నాయి. నేను ఎప్పటికీ చూడని పిల్లలు. సూర్యుడు వాళ్ళకి ఒక చుక్క. 

తర్వాత పాట.

"చినుకమ్మా చినుకమ్మా ఎందాక వచ్చావు?
మబ్బు ఇల్లు ఒదిలేసి మీదాక వచ్చాను.
చినుకమ్మా చినుకమ్మా ఎక్కడుంటావు?
కిటికీ గాజు మీద, మా ఊపిరిలోన."

వదిన తల చటుక్కున ఎత్తింది. నాలుగో పాదం తనది కాదు. తను రాసింది 'తాటాకు చూరు కింద, తడి మట్టిలోన'. ఎక్కడో ఎవరి దగ్గరో ఆ పాదం తెగిపోయి ఉంటుంది. నాగావళికి పాట ఖాళీతో చేరి ఉంటుంది. వాన ఎరగని పిల్లలు, చల్లటి కిటికీ మీద తమ ఊపిరి నీటిచుక్కలై నిలవడం మాత్రమే చూసిన పిల్లలు, ఆ ఖాళీని తమకి తెలిసినదానితో నింపుకున్నారు.

వదిన రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు చీర మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు.

పాట అయిపోయింది. అక్కడి జవాబు రావడానికి ఇంకా గంటకి పైగా ఉంది. సన్యాసిరావు గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు.

చివరికి సభ నుంచి సిగ్నల్ వచ్చింది. స్పీకర్‌లో ఏమీ వినబడలేదు. లింకు తెగిందేమోనని మీటరు చూశాను. సిగ్నల్ నిండుగా ఉంది. మళ్ళీ చూశాను. అక్కడ ఎవరూ మాట్లాడడం లేదు. వేలమంది కూర్చున్న సభ, దగ్గు కూడా లేదు. ఎవరో కుర్చీ జరిపారు. తర్వాత ఇంకొకరు. తర్వాత హాలంతా కుర్చీల చప్పుడు. లేచి నిలబడుతున్నారు.

సభాధ్యక్షురాలి గొంతు మెల్లగా పలికింది. "దీన్ని అందించినవారి పేర్లు రికార్డులో చేర్చండి. పిల్లలు చెప్పిన వరసలోనే."

లాగ్ 2214

ఇరుసుకి కొత్త గ్రీజు వేశాను. పళ్ళెం మామూలు దిక్కుకి తిరిగింది. మా రద్దీ ఆగినందుకు మూడు సంస్థలు సంజాయిషీ అడిగాయి. సన్యాసిరావు గారు తన పేరుతోనే జవాబు రాశారు.

నిన్న సభలో ఓటు జరిగింది. తాళం నిబంధన చట్టంలోంచి తీసేశారు. పేరు చెరిపి అమ్ముకునేవాళ్ళని శిక్షించాలన్న భాగాన్ని మాత్రం ఉంచి, సరిగ్గా రాసుకురమ్మని ఒక సంఘానికి అప్పగించారు. అది ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పలేదు. అరుణ నెట్‌లో 'వాకిలి' ఇవాళ పొద్దున కూడా వచ్చింది, పళ్ళపొడితో సహా.

వదినకి టైటన్ వ్యాఖ్యాత నుంచి ఒక సందేశం వచ్చింది. నన్ను వినమంది. "మీ జాలితో మా అందరి నోట్లో మట్టి కొట్టారు. పిల్లల పాట బావుంది. నా ఇల్లు ఎవరు నడుపుతారు?"

"వాడన్నది తప్పు కాదే ఇందూ" అంది వదిన. "సంఘం ముందుకి నేను మళ్ళీ వెళ్తాను. అతన్ని కూడా రమ్మంటాను. తాళం లేకండా దొంగని ఎలా పట్టుకోవాలో ఆలోచిద్దుం. బుర్ర లేదేటి మనకి?"

అని, అంతలోనే అడిగింది. "మీ పళ్ళెం దగ్గరికి నన్ను తీసుకెళ్తావా? ఒక్కసారి చూస్తాను."

ఇన్నేళ్ళలో వదిన ఎప్పుడూ డోములు దాటి మంచు మీదికి రాలేదు. మంచు అంటే భయం. సూటు తొడిగి, బూట్ల కొక్కేలు బిగించి, చెయ్యి పట్టుకుని నడిపించాను. బయటికి రాగానే బృహస్పతిని చూసి ఆగిపోయింది.  నేను తొందరపెట్టలేదు. కాసేపటికి తనే దానికి వీపు పెట్టి, నల్లటి ఆకాశం వైపు తిరిగింది.

"నాగావళి ఎటు?"

రెండు మసక చుక్కల మధ్య ఉన్న చోటు చూపించాను.

"అక్కడేటీ లేదే."

"ఉంది వదినా. మనకి కనబడదు."

సన్యాసిరావు గారిని అడిగి పళ్ళేన్ని కొంచెంసేపు అటు తిప్పించాను. సూటు మైకుని దానికి కలిపాను. మా మాట అక్కడికి చేరుతుందా అంటే, యురేనస్ మనిషి పట్టి పంపుతాడు, ట్రైటన్ ఇప్పుడు ఆపదు. వదిన పాడుతుందనుకున్నాను. పాడలేదు.

"దేవయాని గారూ, నేను రత్నమాలని. మీ పిల్లలు రాసిన పాదం నాదానికంటే బావుంది. రేపట్నుంచి నేనూ అలగే పాడతాను. దాన్ని రాసింది ఎవరో పేరు చెప్పండి, ప్రతిసారీ చెప్పే పాడతాను. ఒక్కరు కాకపోతే అందరి పేర్లూ చెప్పండి."

మైకు కట్టేశాను. వదిన ఇంకా అటే చూస్తోంది.

"జవాబు వచ్చీదాకా ఇక్కడే ఉండొచ్చా?"

"రేపటి దాకా పడుతుంది వదినా. గాలి చాలదు. లోపలికెళ్ళి ఎదురు చూద్దాం."

"సరే" అంది. కానీ కదల్లేదు. నేనూ కదల్లేదు. వదిన మాట అప్పటికి శని దారి దాకా కూడా వెళ్ళి ఉండదు.